బొగ్గులైపోయిన బిందె

మొన్న ఆదివారం పెరట్లో మా ఆవిడ రాగి చెంబులూ ఇత్తడి పళ్ళేలూ ముందేసుకుని చింతపండుతో తోముతోంది. పెదనాన్న సంవత్సరీకం దగ్గర పడింది. నేను అరుగు మీద పేపరు చూస్తూ కూర్చున్నాను. నానిన చింతపండు పులుపు, రాగి చిలుము కలిస్తే ఒక వాసన వస్తుంది చూశారూ, పెదవి చిట్లినప్పుడు నోట్లో తగిలే రుచిలాంటి వాసన. అది ముక్కుకి సోకింది. కాసేపటికి చూసుకుంటే నా కుడి బొటనవేలు దానంతటదే చూపుడువేలి మీద గుండ్రంగా రుద్దుతోంది. తొమ్మిదేళ్ళ వయసులో ఒక రాగి నాణేన్ని రెండు మధ్యాహ్నాలు అలాగే రుద్దాను. చింతపండు, చిటికెడు ఉప్పు, కొబ్బరిపీచు. తోమాక అది కొత్త పైసాలా తళతళలాడింది. ఎంత గర్వపడ్డానో.

ఆ నాణెం సంగతి చెప్పాలంటే ముందు దిబ్బ సంగతి చెప్పాలి.

మా ఊరు కృష్ణ ఒడ్డున. ఎడ్లబండి మీద పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరే వేళకి అమరావతి చేరేవాళ్ళం. ఊరికి పడమటి వైపు పాటిదిబ్బ ఉండేది. ఎప్పుడో పాడుబడి మట్టిలో కలిసిపోయిన పాత ఊరిని మావాళ్ళు పాటి అంటారు. ఎవరి ఊరు, ఎందుకు పాడుబడింది అని అడిగినవాళ్ళు నాకు గుర్తులేరు. దిబ్బంటే మట్టి, అంతే. వేసవి వచ్చిందంటే బళ్ళు కట్టుకుని వెళ్ళి ఆ మట్టి తవ్వి చేలకి తోలుకునేవాళ్ళు. బూడిద కలిసిన మన్ను కదా, పాటిమన్ను వేసిన చేలో మిరప విరగ్గాస్తుందని నమ్మకం. నమ్మకం ఏమిటి, నిజంగానే కాసేది. తెల్లవారుజామున బళ్ళ ఇరుసుల కిర్రుకిర్రు, ఎద్దుల మెడగంటలు, గునపం పెంకు మీద పడ్డప్పుడు టప్పుమనే చప్పుడు. అవి వింటూ లేచేవాళ్ళం. దిబ్బ మీద ఎక్కడ అడుగేసినా కాళ్ళ కింద కుండపెంకులు పటపటలాడేవి. ఎర్రవి, నల్లవి, లోపల నలుపూ బయట ఎరుపూ ఉన్నవి. ఆడపిల్లలు వాటిని అంచులు కొట్టి గుండ్రంగా చేసుకుని తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళు. కొన్ని అప్పటికే గుండ్రంగా చెక్కి ఉండేవి. ఎవరు చెక్కారని మేం ఆలోచించలేదు, పని తప్పిందనుకునేవాళ్ళం.

అసలు పండగ వాన వెలిసిన మర్నాడు. మట్టి కొట్టుకుపోయి పైకి తేలినవి ఏరుకోవడానికి పిల్లలమంతా దిబ్బ మీద వాలిపోయేవాళ్ళం. ఎర్రరాతి పూసలు, నీలం గాజుపూసలు, శంఖం గాజుల ముక్కలు. మా అక్క ఆ పూసలు దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుంటే నాయనమ్మ తెంపి పారేసేది. చచ్చినవాళ్ళ సొమ్ము ఒంటి మీద పెట్టుకోకూడదట. మగపిల్లల కళ్ళు మాత్రం బిళ్ళల మీద. బూడిదరంగులో, చిన్నగా ఉండి కూడా చేతికి బరువుగా తగిలేవి. ఒకవైపు ఏనుగు. ఇంకోవైపు నాలుగు సున్నాలని కూడిక గుర్తుతో కలిపినట్టు ఒక బొమ్మ. ఏనుగుబిళ్ళలని పేరు పెట్టుకున్నాం. అవి శాతవాహనుల సీసపు నాణేలనీ, ఆ సున్నాల బొమ్మని ఉజ్జయిని గుర్తు అంటారనీ, మా కృష్ణా తీరంలో ఆ రాజులు సీసంతోనే ఎక్కువ నాణేలు పోయించారనీ నాకు తెలియడానికి ఇంకో పదకొండేళ్ళు పట్టింది.

ఈలోగా వాటికి వేరే గిరాకీ ఉండేది. రేవు దగ్గర వల తాత అని ఒకాయన ఉండేవాడు. అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తుండేది కాదు. వల అంచులకి సీసపు గుళ్ళు కావాలి. బజార్లో సీసం కొనాలంటే డబ్బులు. గుప్పెడు ఏనుగుబిళ్ళలు తెచ్చిస్తే నాలుగు జెల్లలు ఇచ్చేవాడు. ఇనుప గరిటెలో బిళ్ళలు వేసి తుమ్మబొగ్గుల మీద పెట్టి వెదురుగొట్టంతో ఊదేవాడు. మేం చుట్టూ గొంతుక్కూర్చుని చూసేవాళ్ళం. బిళ్ళ కాసేపు బిళ్ళలాగే ఉండేది. తర్వాత అంచు మెత్తబడేది, తొండం కాలూ కలిసిపోయేవి, ఉన్నట్టుండి మొత్తం జారిపోయి గరిటె అడుగున వెన్నెల ముద్దలా మెరిసేది. దాన్ని తడి బంకమట్టిలో వేలితో చేసిన గుంటల్లో పోసేవాడు. సుయ్యిమని ఆవిరి. ఆ చప్పుడంటే నాకెంత ఇష్టమో. ఒకసారి నా బిళ్ళ మీద ఏనుగు బదులు ఓడ ఉంది. రెండు తెరచాప కొయ్యల ఓడ. "తాతా, ఇది బాగుందే" అన్నాను. "ఓడైతే నీళ్ళలోనే ఉండాలిరా" అని గరిటెలో పడేశాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఓడ ఉన్న సీసపు నాణేలు మ్యూజియాల్లో అద్దాల వెనక కనిపిస్తాయి, కనిపించినప్పుడల్లా నాకు జెల్లల పులుసు గుర్తొస్తుంది.

రాగి నాణెం ఒక్కటే మిగిలింది, వల తాతకి రాగితో పని లేదు కాబట్టి.

*

రాత్రుళ్ళు ఆరుబయట మంచాలేసుకుని పడుకుంటే నాయనమ్మ లంకెబిందెల కథలు చెప్పేది. రెండు బిందెలకి గొలుసుతో లంకె వేసి పాతిపెడతారు. పైన పాము కాపలా. బిందెలు ఒకచోట కుదురుగా ఉండవు, అమావాస్య రాత్రి భూమిలోనే గణగణమంటూ దొర్లుకుంటూ ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి వెళ్ళిపోతాయి. ఆ చప్పుడు నాయనమ్మ స్వయంగా విందట. "మీ తాత లేపితే లేవలేదురా, లేచుంటే మనం ఇలా ఉండేవాళ్ళమా" అనేది. తాతయ్య పక్క మంచం మీంచి దగ్గేవాడు.

ఆ కథల్లో నన్ను భయపెట్టింది పాము కాదు, బొగ్గులు. యోగం లేనివాడు చెయ్యి పెడితే బిందెలో బంగారం బొగ్గులైపోతుంది. యోగం ఉన్నవాడు అదే బొగ్గుని ముట్టుకుంటే మళ్ళీ బంగారమవుతుంది. ఎవరికి యోగం ఉందో ముట్టుకుంటే గానీ తెలియదు, ముట్టుకున్నాక తెలిసి లాభం లేదు. ఇంత దుర్మార్గమైన ఏర్పాటు ఎవరు చేశారా అని నాకు చిన్నప్పుడే కోపం వచ్చేది.

కథల్ని కథల్లా వినడం అందరికీ రాదు. మా పెదనాన్నకి రాలేదు.

పెదనాన్న పనిమంతుడే. మూడెకరాల మిరప. కానీ అప్పు. పైగా ఇద్దరు ఆడపిల్లలు. దిబ్బ మీద ఎవరికో బంగారం దొరికిందనీ, రాత్రికి రాత్రే కుటుంబంతో సహా ఊరు వదిలి పోయారనీ ప్రతి ఊళ్ళో ఒక మాట ఉంటుంది కదా, అది ఆయన నమ్మాడు. ఒక శీతాకాలం నది అవతల నించి అంజనం వేసే ఆయన్ని పిలిపించాడు. పొడుగ్గా ఉండేవాడు, ఒంటినిండా విభూతి, జేబులో మాత్రం చార్మినార్ సిగరెట్లు. అంజనంలో చూడ్డానికి ఎదురుకాళ్ళతో పుట్టినవాడు కావాలన్నాడు. ఊళ్ళో అలా పుట్టింది నేనే. అమ్మ వద్దంది. నాన్న అన్నగారి మాటకి ఎదురు చెప్పేవాడు కాదు.

పశువుల కొట్టంలో కూర్చోబెట్టారు. లాంతరు, నిమ్మకాయలు, కుంకుమ. ఆముదంలో కలిపిన కాటుక తమలపాకు మధ్యలో పూసి నా చేతిలో పెట్టాడాయన. రెప్పవేయకుండా చూడమన్నాడు. ముందు ఆంజనేయస్వామి వస్తాడు, తోకతో నేల ఊడుస్తాడు, తర్వాత చోటు చూపిస్తాడు. నేను చూశాను. లాంతరు వెలుగు వంకరగా కనిపించింది. నా ముక్కు కనిపించింది. కళ్ళు మండి నీళ్ళొచ్చాయి.

"వచ్చాడా?"

"రాలేదండీ."

"సరిగ్గా చూడు. వచ్చాడా?"

ఎంతసేపు అడిగాడో గుర్తులేదు. పెదనాన్న గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి నా వంకే చూస్తున్నాడు. నా వంక ఎవరూ అంతకుముందు అలా చూడలేదు. "వచ్చాడు" అన్నాను.

కొట్టంలో అందరూ కదిలారు. ఊడుస్తున్నాడా అంటే ఊడుస్తున్నాడన్నాను. ఎక్కడ ఆగాడు అంటే ఏం చెప్పాలో తోచలేదు. భూమిలో దాచిన వస్తువు నాకు తెలిసింది ప్రపంచంలో ఒక్కటే. నా పౌడరు డబ్బా. అందులో రాగి నాణెం, నీలం పూసలు, ఒక గోలీ పెట్టి దిబ్బ మీద వేపచెట్టుకి తూర్పు వైపు పాతిపెట్టుకున్నాను. నోట్లోంచి వేపచెట్టు అని వచ్చేసింది. ఎటువైపు అన్నారు. డబ్బా గుర్తొచ్చి "పడమటి వైపు" అన్నాను. బిందె ఉందా? ఉంది. మూత ఉందా? ఉంది, మూత మీద పసుపు రాసుంది. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధం తేలిగ్గానే వస్తుంది.

అమావాస్య రాత్రి తవ్వారు. నల్లకోడిని కోశారు. నన్ను గొంగట్లో చుట్టి బండి మీద కూర్చోబెట్టారు, స్వామిని చూసినవాడు దగ్గరుండాలట. గునపం దిగుతున్న చప్పుడు, తట్టలోకి మట్టి జారే చప్పుడు, ఎవరూ మాట్లాడకూడదు. మూరెడు పొడవున్న ఇటుకలు బయటపడ్డాయి. ఇటుకలు రాగానే అందరికీ ఊపొచ్చింది, నాకు వెన్నులో చలి. ఇంకొంచెం తవ్వాక పెదనాన్న గొంతు వినిపించింది, "ఆగండి, ఆగండి." కుండ. నిజంగానే కుండ. మూత కూడా ఉంది.

నేను ఏడవడం మొదలుపెట్టాను. నేను చెప్పింది అబద్ధం. అబద్ధం చెప్పిన చోట నిజంగా కుండ ఉంది. తొమ్మిదేళ్ళవాడికి అంతకంటే భయం ఏముంటుంది?

పెదనాన్న కుండని రెండు చేతులా ఎత్తి పైకి తెచ్చాడు. మూత తీసి లాంతరు దగ్గర పెట్టి లోపల చెయ్యి పెట్టాడు. చెయ్యి నల్లగా బయటికొచ్చింది. బొగ్గులు. కొన్ని మాడిన గింజలు కూడా ఉన్నట్టున్నాయి. ఆయన ఆ అరచెయ్యి లాంతరు వెలుగులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. అంజనం ఆయన మెల్లగా అన్నాడు, "యోగం లేదు." పెదనాన్న కుండని ఇటుకల మీదేసి కొట్టాడు.

*

డిగ్రీ చదివేటప్పుడు వేసవి సెలవుల్లో పని దొరికితే చాలనుకునే రోజులు. కృష్ణ ఒడ్డునే దిగువన ఒక ఊళ్ళో పురావస్తు తవ్వకాల క్యాంపు పడిందనీ, రాయడం వచ్చిన కుర్రాళ్ళు కావాలనీ తెలిసి వెళ్ళాను. రోజుకూలీ. రెండు వేసవులు చేశాను. నా జీతాలన్నిట్లో నాకు ఇప్పటికీ లెక్క గుర్తున్నది ఆ కూలీయే.

అక్కడ చప్పుళ్ళు వేరు. మా ఊరి దిబ్బ మీద గునపాలు, ఇక్కడ బ్రష్షులు. చతురస్రంగా దారాలు కట్టి, చిన్న తాపీతో పొర పొర గీకుతూ, మట్టి రంగు మారితే చాలు ఆగిపోతారు. తట్టలోకెత్తిన మట్టిని కూడా ఊరికే పారబోయరు, జల్లెడ పడతారు. జల్లెడ ఊగే చప్పుడు పొద్దస్తమానం ఉండేది. నా పని కుండపెంకులు కడగడం, ఆరబెట్టడం, ఒక్కోదాని మీద ఇండియన్ ఇంకుతో నంబరు వేయడం. ట్రెంచ్ నంబరు, పొర నంబరు, లోతు. పెంకుల యార్డు అని ఒక పెద్ద చోటు, గళ్ళు గళ్ళుగా గీసి, ఏ పొర పెంకులు ఆ గడిలో. ఒక రోజు రిజిస్టరులో ఎక్కించమని ఇచ్చిన వస్తువుల్లో గుండ్రంగా చెక్కిన పెంకులున్నాయి. దీన్నేమని రాయాలండీ అన్నాను. "హాప్‌స్కాచ్ అని రాయి. తొక్కుడుబిళ్ళ" అన్నారు తవ్వకాలు నడిపించే సారు. మా అక్క ఆడుకున్న బిళ్ళలు అచ్చం అలాగే ఉండేవి. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి పిల్లలకి పని తప్పలేదన్నమాట, వాళ్ళు చేసుకున్న పనిని మావాళ్ళు వాడేసుకున్నారు.

సారు తక్కువ మాట్లాడేవారు. టోపీ, బూట్లు, భుజాన గుడ్డసంచి. ఎవరేం తెచ్చి చూపించినా ఆయన మొదట అడిగే మాట ఒక్కటే. "ఎక్కడ?" తెచ్చింది పూస కానీ, మేకు కానీ, విరిగిన బొమ్మ తల కానీ. ఎక్కడ దొరికింది, ఏ పొర, పక్కనేముంది. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో దిబ్బ గురించి మాట వస్తే అందరూ అడిగేది "ఎంత?" అని. ఎంత దొరికిందిట, ఎంతకి అమ్మాడట. ఇక్కడ ఆ మాట వినపడేది కాదు.

సాయంత్రాలు గుడారం ముందు టీ తాగేటప్పుడు మాత్రం సారుకి మాటలొచ్చేవి. ఆయన ఉద్యోగంలో చేరింది నాగార్జునకొండ దగ్గర. 1926లో ఆ లోయలో శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. సాగర్ డ్యామ్ వస్తుందని ఖాయమయ్యాక, మునిగిపోయే లోపు చూడగలిగినంత చూడాలని 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అదే. కొన్ని కట్టడాల్ని విప్పి కొండ మీదకీ, ఒడ్డున అనుపుకీ తెచ్చి మళ్ళీ కట్టారు. మిగతా ఊరు నీళ్ళ కిందే ఉంది. లాంచీలో మ్యూజియానికి వెళ్ళేటప్పుడు పక్కవాళ్ళు కొండ వైపు చూస్తుంటే ఆయన నీళ్ళలోకి చూస్తూ, "ఇక్కడే మా గుడారాలు ఉండేవి" అనేవారట.

నెల్లూరు రైతు కథ కూడా ఆయన చెప్పిందే. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒకాయన దుక్కి దున్నుతుంటే నాగలి ఇటుకలకి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి. ఆయనకేం తెలుసు? పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగించేశారు, ముప్పై చిల్లర మాత్రం నవాబు మనుషులు పట్టుకోగలిగారు. ఇది చెబుతున్నంతసేపూ నాకు గరిటె అడుగున మెరిసే ముద్ద కళ్ళముందు ఆడింది.

అమరావతి స్తూపం సంగతీ అంతే. ఊళ్ళోవాళ్ళు దాన్ని దీపాలదిన్నె అనేవాళ్ళు. అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కట్టుబడి రాయి కోసం తవ్వుతుంటే చెక్కిన పలకలు బయటపడ్డాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిన్నె మధ్యలో చెరువు తవ్వేసి ఉంది. మిగిలినవాటికి బొమ్మలు గీయించుకున్నాడు. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు, రాళ్ళు చాలావరకు రోడ్లకీ కాలువ పనులకీ పోయాక, 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ మధ్యలోకి తవ్వితే రాతిపెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, చిన్న ఎముక ముక్క, బంగారు పూలు దొరికాయి. పెట్టెల మీద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. తెలుగు లిపి పుట్టుక గురించి రాసేవాళ్ళెవరూ ఆ అక్షరాల్ని దాటి వెళ్ళలేరు. "మనం పూల మాట చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు, అక్షరాల మాట చెబితే ఆవలిస్తారు" అనేవారు సారు.

ఒకసారి ఎవరో కుర్రాడు అడిగాడు, అసలు ఇంత సొమ్ము జనం ఎందుకు పాతిపెట్టేవాళ్ళండీ అని. "బ్యాంకుల్లేవు కదయ్యా. దండు వస్తోందంటే పాతిపెట్టి పారిపోయేవాళ్ళు. తిరిగొచ్చినవాడు తవ్వుకుని ఖర్చు పెట్టుకున్నాడు. మనకి దొరికేవన్నీ తిరిగిరానివాళ్ళవి" అన్నారు. నల్లగొండ జిల్లాలో ఒకేచోట 1531 రోమన్ వెండి నాణేలు దొరికాయని అప్పుడే చెప్పారు. ఆ రాత్రి పడుకుంటే నాకు 1531 నాణేలు కాదు, వాటిని లెక్కపెట్టుకుని మూత పెట్టిన మనిషి ఊహలోకొచ్చాడు. ఎటు పోయాడో.

రెండో వేసవిలో ఒక పొద్దున ట్రెంచ్‌లో పని ఆపేశారు. పొయ్యిలాంటి గుంట, చుట్టూ కాలిన మట్టి, మధ్యలో నల్లటి ముక్కలు. సారు ఎప్పుడూ లేనిది గట్టిగా అరిచారు, "ఎవరూ చెయ్యి పెట్టకండి!" తాపీ మొనతో ఒక్కో ముక్కా ఎత్తి, సిగరెట్ పెట్టెలో ఉండే వెండికాగితంలాంటి దాంట్లో మడిచి, పైన చీటీ కట్టారు. నేను చీటీ రాస్తూ అడిగాను, ఏమిటండీ ఇది అని.

"బొగ్గు."

ఆయన చెప్పింది నాకు ముక్క ముక్కగా గుర్తుంది. చెట్టు బతికున్నన్నాళ్ళూ గాల్లోంచి కార్బన్-14 తీసుకుంటుంది. నరికాక తీసుకోవడం ఆగిపోతుంది, ఉన్నది తరిగిపోతూ ఉంటుంది. 5,730 ఏళ్ళకి సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఆ కట్టె ఏ కాలంలో బతికిందో తెలుస్తుంది. అది కనిపెట్టినందుకు లిబీ అనే ఆయనకి 1960లో నోబెల్ ఇచ్చారు. మనవి అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి పంపుతారు. చేతి చెమట, బీడీ బూడిద, వేరు ముక్క, ఏది కలిసినా లెక్క చెడుతుంది. "బంగారానికి వయసు చెప్పడం రాదయ్యా. బొగ్గుకి వచ్చు" అన్నారు.

నా చేతిలో పెన్ను అక్కడే ఆగిపోయింది. ఆ సాయంత్రం, ఎప్పుడో తవ్వి తీసి వెంట ఉంచుకున్న పౌడరు డబ్బాలోని రాగి నాణెం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఎందుకో అదైతే చూపించగలననిపించింది. ఆయన వెలుతుర్లోకి వంచి, గోటితో తడిమి చూశారు.

"చింతపండా?"

"అవునండీ."

"ఉప్పు కూడా వేశావా?"

"వేశానండీ."

"బాగా తోమావు." కోపం లేదు గొంతులో. భూతద్దం నా చేతికిచ్చి అంచు చూడమన్నారు. రెండు అక్షరాలు లీలగా ఉన్నాయి. రణో, అంటే రాజుది. ఆ తర్వాత ఆ రాజు పేరుండాలి. అక్కడ నున్నగా తళతళలాడుతోంది.

"ఎక్కడ దొరికింది?"

"మా ఊరి దిబ్బ మీదండీ."

"దిబ్బ మీద ఎక్కడ?"

అప్పుడు చెప్పాను. అంజనం, వేపచెట్టు, కుండ, బొగ్గులు, మాడిన గింజలు. అబద్ధం సంగతి కూడా చెప్పేశాను, ప్రపంచంలో ఆయనకొక్కరికే. ఆయన నవ్వుతారనుకున్నాను. "ఎంత లోతు ఉంటుంది? ఇటుకలకి పైనా, కిందా?" అన్నారు. చీకటి, ఏడుపు. నాకేం గుర్తుంటుంది? కాసేపు ఆగి నాణెం తిరిగి ఇచ్చేశారు. "గింజలు ఉన్నాయన్నావు. ఏం గింజలో" అని తనలో తనే అనుకుంటూ లేచి వెళ్ళిపోయారు.

*

ఊరెళ్ళినప్పుడు పెదనాన్నకి బొగ్గు సంగతి చెప్పాను, ఊరట కలుగుతుందని. అది బొగ్గయిపోయిన బంగారం కాదు పెదనాన్నా, మొదట్నించీ బొగ్గే, దాన్నిబట్టి కాలం చెబుతారు, ఢిల్లీ నించి పెద్ద పెద్దవాళ్ళు వచ్చి వెతికేది దానికోసమే అన్నాను. కొంచెం పెంచే చెప్పాను. ఆయన చుట్ట ఆర్పి, "కాలం తెలిస్తే ఎంతిస్తార్రా?" అన్నాడు.

పోనీ అని చట్టం కూడా చెప్పాను. 1878 నాటి నిధుల చట్టం. పది రూపాయలకి మించి విలువున్నది భూమిలో దొరికితే కలెక్టరుకి తెలపాలి. హక్కుదారు ఎవరూ లేరని తేలితే మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు పొలం యజమానికి. సర్కారే ఉంచుకుంటే లోహం ధర మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. దాచిపెడితే ఏడాది దాకా జైలు. పెదనాన్న అంతా విని, "దాచిపెట్టడానికి ఉండాలి కదరా" అన్నాడు. ఆ మాటకి పెద్దమ్మ వంటింట్లోంచి నవ్వింది. ఆవిడ నవ్వగా నేను విన్నది తక్కువ.

మళ్ళీ తవ్వలేదాయన. కానీ నిధి మీద ఆయన మనసు చల్లారలేదు. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ అనే ఊరి దగ్గర కోట కింద వెయ్యి టన్నుల బంగారం ఉందని ఒక సాధువుకి కల వస్తే పురావస్తు శాఖవాళ్ళు తవ్వారు గుర్తుందా, అప్పుడు పెదనాన్న పొద్దున లేస్తే టీవీ ముందే. చివరికి కుండపెంకులు, గాజుముక్కలు, అలాంటివి తప్ప ఏమీ రాలేదు. "అంతమంది చేతులు పెడితే ఎట్లా ఉంటుందిరా? బొగ్గులైపోయుంటుంది" అన్నాడు నాకు ఫోన్ చేసి మరీ.

దిబ్బ ఇప్పుడు లేదు. సగం మిరపచేలలోకి పోయింది, మిగతాది పొక్లెయిన్‌తో చదును చేశారు. బళ్ళు తోలడం నలభై ఏళ్ళలో చేసింది అది నాలుగు రోజుల్లో చేసింది. వేపచెట్టు కూడా పోయింది. ఊరి చివర పాత శివాలయం ఉండేది, పూజాపునస్కారం లేక తుప్పలు మొలిచిన గుడి. కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి ఎవరో కారులో వచ్చి అక్కడి నందిని పగలగొట్టారు. నంది కడుపులో వజ్రాలుంటాయని ఒక పిచ్చి నమ్మకం ఉందిగా. నేను వెళ్ళి చూశాను. నడుం దగ్గర నిలువునా చీలింది. మెడలో చిరుగంటల పట్టీ ఒకవైపు, మూపురం ఒకవైపు. రాయి లోపల రాయే ఉంది. చుట్టూ నిమ్మకాయలు, ఖాళీ నీళ్ళసీసాలు. అంజనం ఆయన కాలంలో సీసాలు ఉండేవి కావు, అదొక్కటే తేడా.

*

పోయినేడు పెదనాన్నని చూడ్డానికి వెళ్ళినప్పుడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. మాట స్పష్టంగానే ఉంది. మనవరాళ్ళ చదువులు అడిగాడు, మిరప ధర అడిగాడు. అందరూ బయటికెళ్ళాక నా వైపు తిరిగాడు. కొట్టంలో లాంతరు పక్కన చూసిన చూపే. యాభై ఏళ్ళయినా పోల్చుకున్నాను.

"ఒరే, ఆ రోజు నీకు నిజంగా కనపడిందా?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు భయమేసి చెప్పలేదు, ఇరవై ఏళ్ళప్పుడు సిగ్గేసి చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చు. కానీ చెబితే ఆయనకి మిగిలేదేమిటి? ఒక పిల్లవాడి అబద్ధం పట్టుకుని బతుకంతా తన చేతిని తిట్టుకున్నానని తెలియడమేగా.

"కనపడింది పెదనాన్నా."

"బిందేనా?"

"బిందే. మూత మీద పసుపు రాసుంది."

తల ఊపాడు. దుప్పట్లోంచి కుడిచెయ్యి తీసి వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. "నేను చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది. మీ నాన్నని పెట్టమనుంటే ఎట్లా ఉండేదో. వాడు మంచివాడు."